జిగురు కంపెనీ లాభం ఎక్కడ పుడుతుంది?

పిల్లలూ, మన చీమకుర్తి గెలాక్సీ రాయిని మీకు కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. నల్లటి రాయిలో మెరిసే ఆ చుక్కలు బంగారమూ కాదు, అభ్రకమూ కాదు. బ్రాంజైట్ అనే ఖనిజం. బజార్లో దీన్ని గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది గాబ్రో జాతి రాయి. అయితే ఇవాళ మన కబుర్లు రాయి గురించి కాదు, రాయికి పూసే జిగురు గురించి. ఆ జిగురు చేసే కంపెనీల లాభనష్టాల గురించి కూడా.

క్వారీలో తీసిన బ్లాకును ఫ్యాక్టరీలో పలకలుగా కోస్తారు. కంటికి ఆనని సన్నని పగుళ్లున్న పలక పాలిషింగ్ యంత్రం కిందికి వెళ్తే చిట్లిపోవచ్చు. అందుకని అలాంటి పలకను ముందు ఎండబెట్టి, పైన పల్చటి ఎపాక్సీ పోస్తారు. అది పగుళ్లలోకి ఇంకి గట్టిపడుతుంది. అవసరమైతే వెనకవైపు వల పరిచి దాన్నీ అంటిస్తారు. ఆ తర్వాతే అద్దంలా మెరిసే నునుపు.

మరి బడి ప్రాజెక్టులకు మీరు వాడే ఫెవికాల్‌తోనే ఆ పని కానివ్వచ్చుగా అంటారేమో. కుదరదు. తెల్ల జిగురంటే నీళ్లలో తేలే పాలీవినైల్ అసిటేట్ రేణువులు. నీళ్లు పోతేనే అవి ఒకదానికొకటి కరుచుకుంటాయి. చెక్క ఆ నీళ్లను పీల్చుకుంటుంది, గెలాక్సీ రాయి పీల్చదు. ఎపాక్సీకి ఆరడంతో పని లేదు. రెజిన్, హార్డెనర్ కలిపిన క్షణం నుంచి వాటి అణువులు రసాయన బంధాలతో అల్లుకుపోతాయి. ఆ చర్యలో వేడి పుడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది. మన మే నెల ఎండల్లో డబ్బా నిండా ఒకేసారి కలిపితే, పలక మీద పోసేలోపు డబ్బాలోనే గడ్డకడుతుంది. కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. చేతులకు గ్లోవ్స్ మాత్రం తప్పనిసరి, హార్డెనర్ చర్మాన్ని పాడుచేస్తుంది.

ఇంతకన్నా పెద్ద రహస్యం రాయి ముఖంలో ఉంది. పిండి చల్లిన పీటకు చపాతీ అంటుకోదు చూడండి, కోత దుమ్ము మిగిలిన రాయికి జిగురూ అంతే. అది దుమ్మును పట్టుకుంటుంది, రాయిని కాదు. తడి ఉన్నా, నూనె మరక ఉన్నా అదే తంతు. నా మట్టుకు నేను అతుకు ఊడినప్పుడు ముందు జిగురును అనుమానించను, తుడుపును అనుమానిస్తాను. జర్మనీలో 1876లో పుట్టిన హెంకెల్ కంపెనీ ఈ కిటుకునే వ్యాపారంగా మలిచింది. లాక్‌టైట్ లాంటి జిగుర్లతో పాటు, రంగు వేసే ముందు కారు ఇనుప రేకును శుభ్రం చేసి, దాని మీద పల్చటి పూత పెట్టే రసాయనాలనూ అమ్ముతుంది. 2024లో హెంకెల్ అమ్మకాలు సుమారు 2,160 కోట్ల యూరోలు. అందులో సగం దాకా జిగుర్లు, ఉపరితల రసాయనాలు చూసే విభాగానివే. తక్కిన సగంలో బట్టల సబ్బుపొడులూ షాంపూలూ ఉన్నాయి.

మన దేశానికొస్తే, ఫెవికాల్ చేసే పిడిలైట్ 1959లో మొదలైంది. 2020లో సుమారు 2,100 కోట్ల రూపాయలకు హంట్స్‌మన్ కంపెనీ వారి భారత జిగుర్ల వ్యాపారాన్ని కొని అరాల్డైట్ ఎపాక్సీ జిగురును కూడా తన గూటికి తెచ్చుకుంది. పిడిలైట్ లెక్కల్లో ఒక తమాషా ఉంది, శ్రద్ధగా వినండి. 2022-23తో పోలిస్తే 2023-24లో అమ్మకాల విలువ 5 శాతం మాత్రమే పెరిగింది. నికర లాభమో, మూడో వంతుకు పైగా ఎగిరింది! జిగురు ఒక్కసారిగా ఎక్కువ గట్టిగా అంటుకుందా? లేదు. తెల్ల జిగురుకు ముడిసరుకు వినైల్ అసిటేట్. అది ఇథిలీన్, అసిటిక్ ఆమ్లాల నుంచి తయారవుతుంది, మనకు ఎక్కువగా విదేశాల నుంచి ఓడల్లో వస్తుంది. 2021, 2022లో దాని ధర మండిపోయింది. ఆ ఎక్కువ రేటుకు కొన్న సరుకు అయ్యేదాకా కంపెనీ లాభం నలిగింది. 2023లో ధర దిగొచ్చింది, లాభం పొంగింది. ధర దిగాక తన జిగురు రేట్లు కొంత తగ్గించింది కాబట్టి, అమ్మిన సరుకు పరిమాణం విలువ కంటే ఎక్కువే పెరిగింది.

ఎపాక్సీ కథ చమురు బావి దగ్గర మొదలవుతుంది. దాని ముడిసరుకులైన బిస్ఫినాల్-ఏ, ఎపిక్లోరోహైడ్రిన్‌లలో మొదటిది పెట్రో రసాయనమే, రెండోది కూడా కొంతవరకు అంతే. ఎక్కడో చమురు ధర ఎగిరితే కొన్నాళ్లకు మన పాలిషింగ్ ఫ్యాక్టరీలో రెజిన్ డబ్బా రేటు కదలడం అందుకే. అప్పుడు ఫ్యాక్టరీ యజమాని చేతిలో ఉన్న ఒకే ఉపాయం, పలకను బాగా తుడిచి, ఆరబెట్టి, ఉన్న రెజిన్‌ను వృథా పోనీయకుండా వాడుకోవడం.

ఈసారి పేపర్లో ఏ జిగురు కంపెనీ ఫలితాలు వచ్చినా లాభం అంకె ఒక్కటే చదివి పేజీ తిప్పేయకండి. అమ్మిన పరిమాణం ఎంత పెరిగిందో, ముడిసరుకు ధర ఎటు పోయిందో రెండూ వెతకండి. పరిమాణం పెరగకుండా లాభం పెరిగితే, ఆ మెప్పులో ఎక్కువ భాగం ముడిసరుకు బజారుకే ఇవ్వండి.