తులసీదాస్ బలరామ్: అమ్ముగూడ నుంచి బీఎన్ఆర్ వరకు

క్లబ్బులు ఆటగాళ్లతో లక్షల రూపాయల ఒప్పందాలు కుదుర్చుకునే కాలానికి ముందు, భారత ఫుట్‌బాల్ క్రీడాకారులకు జీవనాధారం పోలీసు, సైన్యం, రైల్వే శాఖల్లోని ఉద్యోగమే. ఆట కారణంగా కొలువు దక్కేది. ఆట ముగిశాక ఆ కొలువే ఇల్లు నడిపేది. తులసీదాస్ బలరామ్ జీవితం ఇందుకు నిదర్శనం.

సికింద్రాబాద్ శివారులోని అమ్ముగూడలో 1936లో ఒక పేద కుటుంబంలో ఆయన జన్మించారు. ఆయన ప్రతిభను గుర్తించినవారు ప్రఖ్యాత శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌కు వచ్చి సాధన చేయడానికి దారిఖర్చులు కూడా లేని యువకుడికి సైకిల్ ఏర్పాటు చేయించి మరీ ఆయన మైదానానికి రప్పించారు. ఆ సైకిల్ ప్రయాణం త్వరలోనే మెల్బోర్న్‌కు చేరింది. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో బలరామ్ సభ్యుడు.

1957లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిసి ఆయన భారత దాడికి మూడో స్తంభంగా నిలిచారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ, పెరూ జట్లపై గోల్స్ చేశారు. భారత్ ఆ రెండు మ్యాచ్‌లనూ ఓడిపోయినా, ఆ తర్వాత కాంస్యం గెలిచిన హంగేరీకి 1-2 తేడాతో గట్టి పోటీ ఇచ్చింది. రెండేళ్లకు జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్‌పై గోల్ చేశారు; అక్కడ భారత్ స్వర్ణం గెలుచుకుంది. అదే ఏడాదికి ఆయనకు అర్జున పురస్కారం లభించింది.

1963లో ఆయన బీఎన్ఆర్ జట్టుకు మారారు. బెంగాల్ నాగపూర్ రైల్వే అన్నది దాని పూర్తి పేరు. నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా బెంగాల్‌కు మార్గం వేసిన సంస్థ అది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినా జట్టుకు మాత్రం పాత పేరే నిలిచిపోయింది. మస్తూరీ వంటి ఊళ్లున్న బిలాస్‌పూర్ ప్రాంతం ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వే పరిధిలో ఉంది.

అప్పటికే శ్వాసకోశ వ్యాధి ఆయనను కుంగదీసింది. 27 ఏళ్ల వయసులోనే అగ్రశ్రేణి ఆటకు దూరం కావలసి వచ్చింది. నేటి ఆటగాళ్లు ఆ వయసులో తమ అత్యుత్తమ దశలో ఉంటారు. రైల్వే ఉద్యోగమే లేకుంటే ఆయన పరిస్థితి ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. తరువాత శిక్షకుడిగా యువకులను తీర్చిదిద్దారు, సెలెక్టర్‌గానూ పనిచేశారు.

హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో అవివాహితుడిగానే చివరి దశాబ్దాలు గడిపిన బలరామ్ 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. సహచరులు చునీ, పి.కె.లకు పద్మశ్రీ దక్కింది. ఆయనకు దక్కలేదు, ఆ బాధను ఆయన ఎన్నడూ దాచుకోలేదు.