పేరుగల పరామితులు
పేరుగల పరామితులు అనగా కంప్యూటరు ప్రోగ్రాములో ఒక ఫంక్షనును పిలిచేటప్పుడు, పంపే ప్రతి విలువతోపాటు దాని పేరును కూడా వ్రాసే పద్ధతి. పేర్లు లేకుండా విలువలను వరుసక్రమంలో ఇచ్చినట్లయితే వాటిని స్థాన పరామితులు అంటారు. హెచ్‌టీఎంఎల్‌ను తయారుచేసే ఫంక్షనులలో ఈ భేదం ముఖ్యమైనది. ఒక్కొక్క ట్యాగుకు అనేక లక్షణాలు ఉండటం, వాటిలో అధికభాగం ఐచ్ఛికాలు కావడం ఇందుకు కారణం.

ఉదాహరణ

ఒక లంకెను తయారుచేసే ఫంక్షనును ఈ విధంగా పిలిచారనుకుందాం:

లంకె(చిరునామా, పాఠ్యం, అసత్యం, నిజం)

చివరి రెండు విలువలు దేనికి సంబంధించినవో ఈ వరుసను బట్టి చెప్పలేము. మూడవది లంకెను కొత్త కిటికీలో తెరవాలా అన్నదానిని, నాలుగవది పాఠ్యంలోని ప్రత్యేక చిహ్నాలను ఎస్కేప్ చేయాలా అన్నదానిని తెలుపుతాయి. రెండూ తారుమారైనా ప్రోగ్రాము ఏ దోషాన్నీ చూపదు. కాని ఎస్కేప్ ఆగిపోవుటచే, ఒక వాడుకరి వ్రాసిన స్క్రిప్టు ఇతరుల బ్రౌజరులో నడిచే ప్రమాదం ఏర్పడుతుంది. దీనిని క్రాస్-సైట్ స్క్రిప్టింగ్ అంటారు. అదే పిలుపును పేర్లతో వ్రాసినపుడు అర్థం స్పష్టమవుతుంది, క్రమం మారినా ఫలితం మారదు:

లంకె(చిరునామా, పాఠ్యం, కొత్త_కిటికీ: అసత్యం, ఎస్కేప్: నిజం)

వివిధ భాషలలో

పైథాన్ 3.0 (2008) నుండి కొన్ని పరామితులను పేరుతో మాత్రమే ఇవ్వాలని నిర్బంధించవచ్చు. పీహెచ్‌పీలో ఈ సదుపాయం 8.0 (2020) తో వచ్చింది. అంతకుముందు హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షనులో నాలుగవ పరామితియైన డబుల్_ఎన్‌కోడ్‌ను మార్చదలచినవారు, అవసరం లేకపోయినా రెండవ, మూడవ విలువలను కూడా వ్రాయవలసివచ్చేది. జావాస్క్రిప్టులో ఇటువంటి సదుపాయం లేదు. ఐచ్ఛికాలనన్నిటినీ ఒకే ఆబ్జెక్టుగా పంపడం అక్కడ వాడుక.

వికీ మూసలలో

తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్టువేరులోని మూసలు కూడా రెండు పద్ధతులనూ అంగీకరిస్తాయి. పేరులేని పరామితిగా ఇచ్చిన వెబ్ చిరునామాలో సమాన చిహ్నం ఉన్నట్లయితే, ఆ చిహ్నానికి ముందున్న భాగాన్ని మూస పరామితి పేరుగా భావిస్తుంది. అందువలన అచట "1=" అని ముందు వ్రాయాలి.

పరిమితులు

ఒక పరామితి పేరును తరువాత మార్చినచో, ఆ పేరుతో పిలిచే ప్రోగ్రాములన్నీ చెడిపోతాయి. క్లాస్, ఫర్ అను హెచ్‌టీఎంఎల్ లక్షణాల పేర్లు పైథాన్‌లో ప్రత్యేక పదాలు కనుక వాటిని యథాతథంగా వాడలేరు. కొన్ని లైబ్రరీలు చివర అండర్‌స్కోరు చేరుస్తాయి.

సాధారణంగా మొదటి ఒకటి రెండు ముఖ్య విలువలను స్థానాన్ని బట్టి, మిగిలినవాటిని, ముఖ్యంగా నిజం-అసత్యం విలువలను, పేరుతో ఇవ్వడం మేలు. భద్రతకు సంబంధించిన ఎస్కేప్ వంటివి, ఏమీ చెప్పనపుడు "నిజం"గానే ఉండాలి.