జహంగీరు చూచిన సారస దంపతులు

ఢిల్లీ ఆగ్రా రాజమార్గమును కాపాడుటకై 1607లో ఫరీదాబాదు పట్టణమును నెలకొల్పిన షేక్ ఫరీదు జహంగీరు పాదుషాకు కోశాధికారి. ఆ పాదుషా పానప్రియత్వమును, చిత్రకళాభిమానమును లోకమెఱుగును గాని, పక్షుల నడవడిని ఆయన ఎంత నిశితముగ గమనించినాడో ఎఱిగినవారు కొలదిమంది. రెండు సారసపు పిల్లలను తెప్పించి, వానికి లైలా, మజ్నూ అని పేర్లిడి పెంచి, 1618 ప్రాంతమున గుజరాతులో విడిసియుండగా అవి జతకూడిన నాటినుండి పిల్లలు వెలువడువఱకు జరిగినదంతయు తన స్వీయచరిత్రలో వ్రాసికొన్నాడు. రాత్రియెల్ల ఆడుపక్షి పొదుగుచుండగా మగపక్షి చెంత నిలిచి కావలి కాచెడిదనియు, ప్రొద్దు పొడిచినంతనే అది వచ్చి ఆడుదాని వీపును ముక్కుతో తట్టి లేపి, ఆ చోట తాను కూర్చుండెడిదనియు, గ్రుడ్డు పొదుగుటకు 34 దినములు పట్టినదనియు ఆయన వ్రాత. నేటి పక్షిశాస్త్రజ్ఞుల లెక్కయు దానికి సరిపోవుచున్నది. రాజ్యభారమును సగము నూర్జహానునకు వదలిన ప్రభువు ఈ పనిని మాత్రము పరుల కప్పగింపలేదు.

ఫరీదాబాదు చెంత యమున దాటి తూర్పునకు పోయినచో, ధనౌరి చిత్తడినేలలోను ఆ చుట్టుపట్ల వరిమళ్ళలోను సారసములు నేటికిని కానవచ్చును. ఇంచుమించు ఆఱడుగుల పొడవుండు ఈ పక్షి, ఎగురగల పక్షులన్నిటిలోను ఎత్తైనది. దంపతులు మెడలు నిక్కించి, ఒకటి పిలువగా రెండవది బదులు పలుకుచు చేయు యుగళనాదము బహుదూరము వినవచ్చును. వాల్మీకి శోకమునకు కారణమైన క్రౌంచమిథునము సారసములే యని కొందఱు పండితుల మతము. జోడు చచ్చినచో రెండవది ఆహారము మాని ప్రాణము విడుచునని ఉత్తరదేశపు రైతులు నమ్ముదురు. ఆ నమ్మకమే వేటగాండ్రనుండి దీనిని చాలవఱకు కాపాడినది. నిజమునకు ఒంటరియైన సారసము మరల జతకట్టుట కలదు. అంతకన్న విచిత్రముగ, మూడు పక్షులు కలిసి కాపురము చేయుచు, మూడు గొంతులతో పాడుచు, పిల్లలను పెంచుటను మన దేశపు పరిశోధకులు 2022లో ప్రకటించినారు.

జంట కట్టుటకు మూలము ప్రేమయో ధర్మమో కాదు, పిల్లల అక్కఱ. గ్రుడ్డును విడువక పొదుగవలెను, మేతకును పోవలెను, శత్రువును తఱుమవలెను. ఇన్ని పనులు ఒక్క ప్రాణికి సాధ్యము గావు. కావుననే పక్షిజాతులలో నూటికి తొంబది జంటలుగ బ్రతుకుచుండగా, గర్భమును స్తన్యమును తల్లివే యైన క్షీరదములలో అట్టివి నూటికి పది యైనను లేవు. ఆరావళి కొండలలోని నక్క ఆ కొలదివానిలో నొకటి. మగనక్క మాంసము మోసికొని వచ్చును, ముందటి యేటి పిల్లలు తమ్ములను సాకుటకు తోడ్పడును.

పిల్లల అక్కఱ మాఱినచో కాపురపు రీతియు మాఱును. నెమలిపిల్లలు పుట్టిననాడే తల్లి వెంట నడచి మేయగలవు గనుక, నెమలి పురివిప్పి ఆడుటతో తన కర్తవ్యము తీఱినదనుకొనును. మన గిజిగాడు గూటిని సగమల్లి, ఆడుపక్షి వచ్చి పరీక్షించి ఒప్పుకొన్న పిమ్మట దానిని ముగించి, వెంటనే మఱియొక భార్యకై ఇంకొక గూడు మొదలిడునని పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ 1930 ప్రాంతమున కొంకణతీరపు కిహీం గ్రామమున చూచి వెల్లడించెను. తామరాకులపై నడయాడు జకానాలలో వ్యవహారము తలక్రిందులు: ఆడుది పెక్కుమగలను చేకొనును, గ్రుడ్లు పొదుగుట మగవాని పని.

జంటగా బ్రతుకు పక్షుల శీలమును సయితము డి.ఎన్.ఏ. పరీక్ష బయటపెట్టినది. అట్టి జాతుల గూళ్ళలో సగటున నూటికి పదునొకండు పిల్లలకు తండ్రి వేఱని తేలినది. కవులకు కష్టము కలిగినను, కాపురము చెడలేదు. ఆ పిల్లలనుగూడ ఇంటి మగపక్షియే మేపుచున్నది.

ఢిల్లీ పరిసరపు తోటలలో కనిపించు బూడిదవన్నె హార్న్‌బిల్ పక్షి కాపురము మఱింత ఘనమైనది. వేసవి మొదట ఆడుపక్షి ముదిచెట్టు తొఱ్ఱలో దూరి, సన్నని చీలిక విడిచి ద్వారమును లోననుండి మూసికొని, ఱెక్కల యీకలను రాల్చుకొని, మగనిపైననే భారముంచి వారములకొలది ఉండును; అతడు రావిపండ్లు, మఱ్ఱిపండ్లు తెచ్చి ముక్కుకు అందించుచుండును. కనుక పాఠకులారా, మార్చి మొదలు జూన్ వఱకు పెద్దముక్కు పక్షి యొకటి ఒకే తొఱ్ఱకు మాటిమాటికి పండ్లు తెచ్చుట చూచినచో, ఆ చెట్టుపై గొడ్డలి పడనీయకుడు. లోపలి తల్లికి ఎగిరిపోవు ఱెక్కలు లేవు.