మోకాలికి నారు పోస్తారు!

పిల్లలూ, మీ చెవి పైభాగాన్ని ఒకసారి మడిచి వదలండి. మళ్ళీ మామూలుగా అయిపోయింది కదా? అది మృదులాస్థి. మృదు అంటే మెత్తని, అస్థి అంటే ఎముక. మోకాలిలో కూడా ఎముకల చివర్లకు నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. అందుకే మనం గెంతినా ఎముకలు ఒకదానికొకటి రాచుకోవు.

సైకిల్ మీంచి పడి చర్మం గీరుకుపోతే కొన్ని రోజుల్లో మానిపోతుంది. మానడానికి కావలసినవన్నీ రక్తం మోసుకొస్తుంది. కానీ మృదులాస్థిలో రక్తనాళాలు లేవు! అందుకే అక్కడ దెబ్బతగిలి గుంట పడితే దానంతటది సరిగ్గా పూడదు. మరి ఎలా?

మా ఊళ్ళో వరి వేసేటప్పుడు ముందు చిన్న మడిలో నారు పోస్తారు. నారు ఎదిగాక పీకి, పొలంలో నాటుతారు. డాక్టర్లు చేసేదీ అలాంటిదే.

1. మోకాలిలో ఎక్కువ బరువు పడని చోట చిన్న మృదులాస్థి ముక్క తీస్తారు.

2. దాన్ని సన్నగా తరిగి, కొలాజినేజ్ అనే ఎంజైమ్ కలుపుతారు. కణాల చుట్టూ ఉండే గట్టి పదార్థం పేరు మాతృక. ఎంజైమ్ దాన్ని కరిగిస్తే కణాలు విడిగా బయటికి వస్తాయి.

3. కణాలను కడిగి, లెక్కపెట్టి, పోషకాలున్న ద్రవంలో 37 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడిలో, కొన్ని వారాలు పెంచుతారు.

4. బాగా పెరిగిన కణాలను గుంటలో నాటుతారు.

ఇక్కడ ఒక చిక్కుంది. బల్లపరుపు గిన్నెలో చాలా రోజులు పెరిగితే, గుండ్రటి కణాలు సాగిపోయి, మాతృకను తయారుచేసే తమ పని మర్చిపోతాయి! జెల్ లాంటి దాంట్లో అన్నివైపులా చోటిస్తే మళ్ళీ గుండ్రంగా మారి పని మొదలుపెడతాయి. అంటే కణానికి తిండి ఒక్కటే చాలదు, సరైన ఇల్లు కూడా కావాలి.

స్వీడన్ డాక్టర్లు 23 మందికి ఇలా సొంత కణాలతో చికిత్స చేసి, 1994లో ఆ ఫలితాలు ప్రకటించారు. కొలాజెన్ పొర మీద పెంచిన కణాలను పెద్దవాళ్ళ మోకాళ్ళలో పెట్టే పద్ధతికి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది.

"మా అమ్మమ్మ మోకాళ్ళకి కూడా చేయొచ్చా టీచర్?" అని మా క్లాసులో ఒక పాప అడిగింది. మంచి ప్రశ్న! ఈ పద్ధతి దెబ్బవల్ల పడిన గుంటలకే. వయసుతో మోకాలంతా అరిగిపోతే సాధారణంగా ఇది పనికిరాదు. పొలమే పాడైతే నారు ఎక్కడ నాటుతాం? ఆ చిక్కు విప్పాలని శాస్త్రవేత్తలు ఇంకా పనిచేస్తూనే ఉన్నారు.

మీరు చేయండి: మృదులాస్థి తనంతట తాను ఎందుకు మానదో, ఇంట్లో పెద్దవాళ్ళకు మూడు తెలుగు వాక్యాల్లో చెప్పండి.