వర్చువల్ కంచెలు - జీవాల సంక్షేమ రక్షణలు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో గమనించవలసిన అంశాలు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం అల్ప వర్షపాత మండలానికి చెందినది. ఖరీఫ్‌లో పత్తి, వేరుశనగ, కంది పైర్లు పొలాలను ఆక్రమించినపుడు గొర్రెలు, మేకలకు గట్లు, బీళ్లు, వంకల పోరంబోకులే ఆధారం. కాపరి క్షణం ఏమరితే మంద చేనులో పడుతుంది. తగవు బందెలదొడ్డి దాకా పోతుంది. ఈ స్థితిలో వర్చువల్ కంచె ఆకర్షణీయంగా తోచవచ్చు. అయితే పైరును కాపాడే సాధనం జీవాన్ని బాధించరాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం జంతువులకు అనవసరమైన బాధ కలిగించడం నేరం.

పనిచేసే విధానం

ఈ పద్ధతిలో స్తంభాలు, తీగలు ఉండవు. జీవం మెడకు కట్టిన కాలర్ జి.పి.ఎస్. ద్వారా దాని స్థానాన్ని గుర్తిస్తుంది. ఫోనులో గీసిన హద్దును సమీపించగానే కాలర్ నుండి శబ్దం వెలువడుతుంది. జీవం వెనుదిరిగితే శబ్దం ఆగిపోతుంది; ముందుకు సాగితేనే స్వల్ప విద్యుత్ ఘాతం తగులుతుంది. నార్వేలో మేకలపై, ఆస్ట్రేలియాలో పశువులపై ఈ పద్ధతిని అభివృద్ధి చేశారు.

సంక్షేమానికి మూలసూత్రం

ఘాతం ఎంత స్వల్పమన్నది ఒక్కటే కొలమానం కాదు. ఘాతం రాబోతున్నదని జీవానికి ముందుగా తెలియాలి. తన ప్రవర్తనతో దానిని తప్పించుకోగలగాలి. ఈ రెండూ లోపిస్తే జీవం దీర్ఘకాల ఒత్తిడికి గురవుతుంది.

తప్పనిసరి రక్షణలు

1. ప్రతి ఘాతానికి ముందు శబ్దం విధిగా ఉండాలి.
2. ఘాతాల సంఖ్యకు పరిమితి ఉండాలి. పరిమితి దాటితే కాలర్ తనంతట తానే ఆగి, యజమానికి సమాచారం పంపాలి.
3. హద్దు దాటిన జీవం తిరిగి మందలోకి వచ్చేటపుడు ఘాతం తగలరాదు.
4. శిక్షణ కాలంలో శబ్దాల సంఖ్యను, ఘాతాల సంఖ్యను రోజువారీగా నమోదు చేయాలి. ఘాతాల నిష్పత్తి తగ్గని జీవాన్ని ఈ పద్ధతి నుండి తొలగించాలి.
5. కాలర్ బరువు, బిగుతు సరిచూచి, మెడపై పుండ్లు పడకుండా తరచు పరీక్షించాలి. ఉన్ని దట్టంగా ఉన్న దక్కనీ రకం గొర్రెలలో, పొట్టి రోమాలున్న నెల్లూరు గొర్రెలలో కాలర్ చర్మాన్ని తాకే తీరు ఒకేలా ఉండదు.

స్థానిక పరిస్థితులకు అన్వయం

జి.పి.ఎస్.లో కొన్ని మీటర్ల తేడా సహజం. కావున రెండు పత్తి చేల నడుమనున్న ఇరుకు గట్టుపై ఈ కంచె తగదు. అక్కడ జీవం ఎటు తిరిగినా హద్దే ఎదురై, తప్పించుకునే మార్గం ఉండదు. విశాలమైన బీళ్లు, కోత అనంతర పొలాలు ఇందుకు అనుకూలం. వేసవిలో నీరు, నీడ తప్పక హద్దు లోపలే ఉండాలి. మేత అయిపోయిన వెంటనే హద్దును జరపాలి. ఆకలిగొన్న జీవం శబ్దాన్ని లెక్కచేయదు. కాలర్ లేని పిల్లలు హద్దు దాటితే తల్లులు వాటి వెంట పరుగెత్తి ఘాతానికి గురికావచ్చు. కావున పిల్లతల్లులను వేరుగా ఉంచడం మేలు.

సక్రమంగా వాడితే ఈ సాధనం జీవానికీ రక్షణే. బెట్టకు గురైన లేత జొన్న మేసిన గొర్రెలు నాము విషంతో మరణించే ప్రమాదం ఉన్నది. అట్టి చేలను హద్దు వెలుపల ఉంచవచ్చు. అయితే బ్యాటరీ అయిపోతే కంచె ఉండదు. అందువలన వర్చువల్ కంచె కాపరికి తోడే గాని ప్రత్యామ్నాయం కాదు. విస్తరణ శాస్త్రవేత్తలు ప్రదర్శనలు చేపట్టినపుడు ఎంత పైరు మిగిలిందో లెక్కించినట్లే, ఒక్కొక్క జీవానికి ఎన్ని ఘాతాలు తగిలాయో కూడా లెక్కించి రైతుల ముందుంచాలి.