వంతెన చివర కుంగే నేల

రాజమహేంద్రవరం వద్ద గోదావరిని రైలులో దాటేవారు కిటికీలోనుంచి నీటిని చూస్తారు. పిల్లల చేత నదిలో చిల్లర వేయిస్తారు. బండి వంతెన దిగి మట్టికట్ట మీదికి వచ్చే చోటును గమనించేవారు అరుదు. ఇంజనీర్ల కన్ను మాత్రం ఎప్పుడూ ఆ చోటుపైనే ఉంటుంది.

కారణం పునాదులలో ఉన్నది. 1900 ఆగస్టు 30న ఇక్కడ తొలి బండి దాటిన హేవ్‌లాక్ వంతెనకు 150 అడుగుల చొప్పున 56 అంకణాలు. ఇటువంటి ఇసుకనదులలో స్తంభాలకు పునాదిగా బావులు దింపుతారు. గుల్లగా కట్టిన బావిగోడ, లోపలి ఇసుకను తోడినకొద్దీ, తన బరువుతో తానే లోతుకు దిగి గట్టిగా నిలుస్తుంది. హేవ్‌లాక్ వంతెన 1997 వరకు బండ్లను మోసింది.

వంతెనకు ఇరువైపులా ఉండే కట్ట సంగతి వేరు. మెత్తని ఒండ్రునేలపై ఎత్తుగా మట్టి పోస్తే, ఆ బరువుకు అడుగునేలలోని నీరు మెల్లగా పిండుకుపోయి నేల అణగుతుంది. ఏండ్ల తరబడి సాగే ఈ అణగుడుకు కూడా లెక్క ఉన్నదని కార్ల్ టెర్జాగీ 1920లలోనే నిరూపించారు.

దారి పొడవునా నేల ఒకే తీరున అంగుళం కుంగితే బండికి తెలియదు. వంతెన కదలక నిలిచి, పక్కనున్న కట్ట మాత్రమే అంగుళం దిగితే చిక్కు వస్తుంది. అక్కడ పట్టాలో పల్లం పడుతుంది. స్లీపర్లు కంకరకు ఆనక వ్రేలాడతాయి. వేగంగా వచ్చిన చక్రం పల్లంలో దిగి వంతెన మీదికి ఎక్కేటప్పుడు తన బరువుకు మించి మోదుతుంది. ఆ దెబ్బకు కంకర నలిగి పల్లం పెరుగుతుంది. పల్లం పెరిగినకొద్దీ దెబ్బ పెరుగుతుంది.

స్తంభాలే హెచ్చుతగ్గులుగా కుంగితే? అంకణానికొక విడి దూలం ఉన్న వంతెన కొంతవరకు ఓర్చుకుంటుంది. అనేక స్తంభాల మీదుగా ఒకే దూలం సాగినచోట, ఒక స్తంభం దిగితే దాని భారం పొరుగు స్తంభాలపై పడి, దూలంలో లెక్కకు రాని ఒత్తిడి పుడుతుంది.

అందువలన వంతెన గోడ వెనుక వట్టి మట్టి పోయరు. రాతిముక్కలు, సిమెంటు కలిపిన కంకర పొరలు పొరలుగా పరచి దిమ్మిస కొడతారు. నీరు నిలవకుండా దారి విడుస్తారు. అయినా నేల కొంత దిగుతూనే ఉంటుంది. పట్టాను ఎత్తి అడుగున కంకర కూరటం గ్యాంగుమన్ల పని. నేడు యంత్రాలు కూడా ఆ పని చేస్తున్నవి.

నేల మెల్లగా కుంగితే చూసి సరిచేయవచ్చును. వరద కోస్తే ఆ వ్యవధి ఉండదు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ సమీపాన వంతెన కూలి నూరుమందికి పైగా మరణించారు. రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వగా నెహ్రూ అంగీకరించలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం తరువాత అంగీకరించారు. 2005 అక్టోబరు 29న వలిగొండ వద్ద వరద చిన్న వంతెనను కోసివేయగా, రేపల్లె నుంచి సికింద్రాబాదు వచ్చే డెల్టా ప్యాసింజరు పడిపోయింది. అక్కడా నూరుమందికి పైగా పోయారు.

వలిగొండ వంతెనను చూడటానికి ఏ ప్రయాణికుడూ కిటికీ దగ్గరకు చేరి ఉండడు. గోదావరి వంతెనకు దక్కే శ్రద్ధ అటువంటి వాగులకూ, వాటి ఇరుగట్లనున్న మట్టికీ దక్కాలి. వానరాత్రి లాంతరు పట్టుకొని దారి వెంట నడిచే కావలివాడు వెదికేది ఆ మట్టినే.