‘చాలు’ అనిపించే ఆదివారం

ఫోనుకి సెలవివ్వడానికి కొండలెక్కక్కర్లేదు, రిసార్టుకి వేలు పొయ్యక్కర్లేదు. హైదరాబాద్‌లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ నుంచి అబిడ్స్ ఫుట్‌పాత్ దాకా ఒక్క ఆదివారం నడిచొస్తే సరి.

నాంపల్లిలో మెట్రో దిగి పబ్లిక్ గార్డెన్స్ గేటు దాటానో లేదో, చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. జేబు ఖాళీ. గుండె గతుక్కుమంది. పొద్దున ఫోన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది నేనేనని గుర్తు రావడానికి రెండు క్షణాలు పట్టింది. చెట్టు కింద బెంచీ మీద కూర్చున్న గంటలో అదే చెయ్యి మరో అయిదుసార్లు వెళ్లొచ్చింది. దురద పెట్టని చోట గోకినట్టు!

ఫోను జేబులోనే ఉంటే ఏం, చూడకుండా ఉంటే చాలదా అని చాలామంది అనుకుంటారు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు ఫోన్ని బల్ల మీద బోర్లించి పెట్టారు, కొందరు జేబులోనో సంచిలోనో ఉంచుకున్నారు, ఇంకొందరు పక్క గదిలో వదిలి వచ్చారు. ధ్యాస నిలపాల్సిన పరీక్షల్లో పక్క గదిలో వదిలినవాళ్లే మెరుగ్గా రాశారు. మోగకపోయినా, ముట్టుకోకపోయినా, ‘చూడకూడదు’ అనుకోవడానికే బుర్ర కొంత ఖర్చయిపోతుందన్నది వాళ్ల వివరణ. అందుకే బీరువా.

అడుగు లేని గిన్నె

గార్డెన్స్‌లోనే రాష్ట్ర మ్యూజియం ఉంది. అక్కడ ఈజిప్టు నుంచి వచ్చిన మమ్మీని చూడటానికి పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి నిలబడతారు. మ్యూజియంలో ఒక గది అయ్యాక మరో గది, ఆఖరికి బయటికి దారి. చూడటం అయిపోతుంది. తెర మీద అలా అయిపోదు. వేలితో తోసేకొద్దీ కొత్త సరుకు దిగే ఏర్పాటుని 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్, తర్వాత అందుకు తానే బాధపడ్డాడు. పేజీ ముగిస్తే మనిషి ఒక్క క్షణం ఆగి, ఇక చాలనుకుంటాడు. ఆ క్షణాన్నే తీసేశారు. అడుగు కనిపించని గిన్నెలో తింటుంటే ఎంత తిన్నామో ఎలా తెలుస్తుంది?

చూస్తే పైసలడుగుతనా?

1907 నాటి నాంపల్లి రైల్వేస్టేషన్ పక్కగా తీరిగ్గా నడిస్తే అరగంటలో అబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ పెట్టిన దుకాణం వల్లే ఈ పేరు. నిజాం ఒకసారి వాడి వదిలేసిన వస్తువుల్ని ఆబిద్ మళ్లీ అమ్మేవాడని ఊళ్లో చెప్పుకుంటారు. పాత వస్తువు కొత్త చేతికి చేరడం ఈ వీధికి పుట్టుకతో వచ్చిన విద్యేమో!

మామూలు రోజుల్లో సెల్‌ఫోన్ల కోసం జగదీశ్ మార్కెట్‌కి ఎగబడే అబిడ్స్, ఆదివారం పుస్తకాల వీధి. దించిన షటర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా ఎంసెట్ గైడ్లు, పాత చందమామలు, ఉర్దూ నవలలు, అట్ట ఊడిన నిఘంటువులు. మొహమాటపడుతుంటే అమ్మే ఆయనే అన్నాడు: “చూస్తే పైసలడుగుతనా సార్? తీసి చూడుండ్రి.”

మనకి కావలసింది ఎప్పుడూ దొంతరలో కిందే ఉంటుంది. గొంతుక్కూర్చుని, మెడ పక్కకి వంచి పేర్లు చదవాలి. ఎడంచేత్తో పైవి ఎత్తిపట్టి కుడిచేత్తో లాగాలి. నిన్న ఏం చూశానో తెలుసుకుని ఇవాళ అలాంటిదే ముందు పెట్టేవాడు ఇక్కడ లేడు. అసలు వెతకని పుస్తకమే చేతికి తగిలింది. అట్టలేని తెలుగు నవల, 112వ పేజీలో మడతపెట్టిన బస్సు టికెట్టు. ఎవరో అక్కడ ‘ఇవాళ్టికి చాలు’ అనుకుని దిగిపోయారు. వేళ్లకి దుమ్ము, రెండు చేతుల నిండా పుస్తకాలు. జేబు సంగతి ఎప్పుడు మరిచానో గుర్తులేదు.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడ్గావ్ 2022లో ఈ కిటుకే పట్టుకుంది. రాత్రి ఏడింటికి సైరన్ మోగితే ఊరంతా టీవీలు, ఫోన్లు కట్టేసి గంటన్నర చదువులో, కబుర్లలో పడేలా ఏర్పాటు చేసుకుంది. వట్టి ‘వద్దు’తో ఏదీ ఆగదు. ఖాళీ అయిన చేతికి పని చూపించాలి.

వెళ్లే ముందు

- చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. స్కాన్ చేయడానికి ఫోను ఉండదు.
- ఇంటివాళ్ల నంబర్లు కాగితం మీద రాసుకోండి. ఎప్పటికి తిరిగొస్తారో వాళ్లకి చెప్పండి.
- స్నేహితులతో వెళ్తే పాత పద్ధతే: “నాలుగింటికి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు.” ఆలస్యమైతే ఎదురుచూడాలి, అంతే.
- చేతికి వాచీ పెట్టుకోండి. టైము కోసం ఫోను తీస్తే టైమొక్కటే చూసి ఊరుకోం.

పొద్దు వాలేసరికి పరదాలు మడతపడటం మొదలైంది. ఆ నవల రెండో భాగం ఉందేమోనని ఇందాకటి ఆయన్నే అడిగాను. అప్పటికే మూట కట్టేశాడు. ముడి బిగిస్తూ నవ్వాడు:

“ఇగ చాలు సార్. మళ్ల ఐతారం రాండ్రి.”